సభ ఒకచోట, ఆగేది మరోచోట

2024 జూన్ 12న గన్నవరం దగ్గర కేసరపల్లిలో ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకార సభ. చెన్నై నుంచి విశాఖ వెళ్లే లారీలను ఒంగోలు దగ్గరే పక్కకు తిప్పి చీరాల, రేపల్లె, అవనిగడ్డ, గుడివాడ మీదుగా హనుమాన్ జంక్షన్‌కు పంపారు. హైదరాబాద్ లారీలకు మైలవరం, నూజివీడు దారి. అవీ చేరేది హనుమాన్ జంక్షన్‌కే. బెజవాడ చుట్టుపక్కల పెద్ద సభ ఎప్పుడు జరిగినా పోలీసుల ప్రకటన దాదాపు ఇదే. ఆ బరువంతా చివరికి ఏలూరు మీద పడుతుంది.

ఎందుకు పడుతుందంటే, కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోసే ఆ పల్లానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. వరదొస్తే ఏలూరు-కైకలూరు రోడ్డు మునుగుతుంది. దక్షిణాన ఆకివీడు, భీమవరం మీదుగా రోడ్డుందిగానీ, చేపల లారీలకే అది చాలదు. అందుకే ప్రధాన రైలుమార్గం, పెద్ద రోడ్డు రెండూ సరస్సుకు ఉత్తరపు గట్టునే పట్టుకుని నడిచాయి.

పూర్వం ఈ మళ్లింపుల బాధ లేదు. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల తర్వాత గోదావరి కాలువ, కృష్ణా కాలువ ఏలూరులో కలిశాయి, పడవలు తిరిగాయి. 1893-96 మధ్య రైలు వచ్చింది. 1921 మార్చి 31న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం, 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభ జరిగిన కాలమది. బెజవాడ వైపు నుంచి కాకినాడకు రైలెక్కితే ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు దాటి సామర్లకోటలో మళ్లాలి. బోగీలు కిక్కిరిస్తే కిక్కిరిశాయేమోగానీ, సభ కోసం రైలును చుట్టుదారి పట్టించే పని ఎవరికీ లేదు.

గోదావరి మీద రోడ్డు-రైలు వంతెన 1974లో వచ్చింది. అంతకుముందు కొవ్వూరు రేవులో లారీ పంటు ఎక్కాల్సిందే. వంతెనతో, తర్వాత నాలుగు వరుసలతో, కలకత్తా-చెన్నై సరుకంతా ఈ గట్టు మీదికి చేరింది. సభలకూ రోడ్డు పక్క పొలాలే అనువుగా కనిపించాయి: జనాన్ని దింపడం సులువు, హెలికాప్టర్‌కు చోటుంటుంది.

2022 డిసెంబరు 28న కందుకూరు సభలో జరిగిన తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయారు. 2023 జనవరి 2న ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చి రోడ్ల మీద సభలు వద్దంది. పునాది 1861 నాటి పోలీసు చట్టం. మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. కొట్టేయడం సరైనదేనని నా అభిప్రాయం. కానీ దారిన పోయేవాడి ప్రశ్న అలాగే మిగిలింది.

మరుసటి ఏడాది ఫిబ్రవరి 3న దెందులూరు దగ్గర వైఎస్సార్‌సీపీ ‘సిద్ధం’ సభ, 28న తాడేపల్లిగూడెం దగ్గర ప్రత్తిపాడులో తెలుగుదేశం-జనసేన ‘జెండా’ సభ. పార్టీలు వేరు, రహదారి ఒకటే. ఇలాంటి సభలకు ఆర్టీసీ బస్సులు అద్దెకు వెళ్తే, పల్లెబస్సు కోసం నిలబడ్డవాళ్లు ఆటో వెతుక్కోవాలి. ఈ నష్టాన్ని ఎవరూ లెక్కగట్టరు. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వచ్చిన సదస్సప్పుడు హైదరాబాద్‌కూ ఆంక్షలు తప్పలేదు. అయితే ఆ నగరానికి 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుంది.

ఖమ్మం-దేవరపల్లి కొత్త రహదారితో హైదరాబాద్-విశాఖ లారీలకు ఏలూరు తప్పుతుంది. చెన్నై లారీలకు మాత్రం తప్పదు. విజయవాడ పడమటి బైపాస్ సైతం చిన అవుటపల్లి దగ్గరే, హనుమాన్ జంక్షన్‌కు ఇవతలే, పాత రోడ్డులో కలుస్తుంది.