మూత్రపిండాల సంరక్షణ: భద్రాచలం మన్యంలో వైద్య సిబ్బందికి నిరంతర శిక్షణ

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అటవీ సరిహద్దు గ్రామాలలో మూత్రపిండాల వ్యాధి అనగానే డయాలసిస్ యంత్రాల ప్రస్తావన రావడం పరిపాటి. భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో డయాలసిస్ సేవలు లభించడం రోగులకు పెద్ద ఊరటే. అయితే మన్యంలో మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినడానికి ఫాల్సిపేరం మలేరియా, రక్తపింజరి కాటు, అతిసారం వంటివి కారణమవుతున్నాయి. సకాలంలో చికిత్స అందితే వీటిలో అనేక సందర్భాలలో మూత్రపిండాలు తిరిగి కోలుకుంటాయి. ఆ వ్యవధి చేజారకుండా చూడవలసినది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు, నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలే.

శిక్షణలో మొదటి పాఠం మూత్రాన్ని కొలిచి నమోదు చేయడం. 50 కిలోల బరువున్న రోగికి ఆరు గంటలపాటు గంటకు 25 మిల్లీలీటర్ల కన్నా తక్కువ మూత్రం వస్తే ప్రమాద సంకేతంగా గుర్తించాలి. ఇందుకు కొలజాడీ, నోటు పుస్తకం చాలును. పాము కాటు రోగి విషయంలో 2 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదల్చకుండా ఉంచాలి. అప్పటికీ గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కినట్లుగా భావించి విషనిరోధక మందు వెంటనే ప్రారంభించాలి. పసిపిల్లలకైనా మోతాదు తగ్గించరాదు. జ్వరానికి, ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేసే అలవాటును మాన్పించడం అన్నింటికన్నా కష్టమైన పాఠం. ఒంట్లో నీరు తగ్గిన రోగికి ఆ మందు మూత్రపిండాలపై అదనపు దెబ్బ.

దీర్ఘకాలిక వ్యాధి గుర్తింపులో పొరపాటుకు తావు ఎక్కువ. 60 ఏళ్ల స్త్రీకి క్రియాటినిన్ 1.3 అని వస్తే స్వల్ప పెరుగుదలగా తోస్తుంది. 2021 నాటి సూత్రం ప్రకారం లెక్కిస్తే ఆమె మూత్రపిండాల వడపోత సామర్థ్యం సుమారు 47 మాత్రమే. కండ తక్కువగా ఉన్న వారిలో ఈ అంకె మరింత భ్రమ కలిగిస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వ్యాధికి మూలకారణం ఇప్పటికీ ఇదమిత్థంగా తేలలేదు. కారణం తెలియని చోట లక్షణాలు కనబడకముందే పరీక్షించడం తప్ప మార్గాంతరం లేదు.

వైద్యులు ప్రతి ఐదేళ్లలో కనీసం 30 గంటల నిరంతర విద్య పొందాలని భారత వైద్య మండలి 2002 నియమావళి నిర్దేశించినది. ఒకే వైద్యుడున్న కేంద్రం నుండి ఆయన నగర సదస్సుకు వెళితే ఆనాటి సేవలు కుంటుపడతాయి. కనుక శిక్షణయే ఆరోగ్య కేంద్రానికి రావడం మేలు. కోయ భాష తెలిసిన ఆశా కార్యకర్తలు అందులో పాల్గొనడం అత్యవసరం.

గోదావరి వరదలు మరొక పాఠ్యాంశం. 2022 జూలై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరి అనేక గ్రామాలకు రాకపోకలు నిలిచిపోయాయి. వారానికి రెండు, మూడు సార్లు డయాలసిస్ అవసరమైన వారికి దారి మూసుకుపోవడమంటే ప్రాణాపాయమే. కావున ప్రతి ఉపకేంద్రం అట్టి రోగుల జాబితా సిద్ధపరచి, మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయిన 43 అడుగుల వద్దనే వారిని ఆసుపత్రి సమీపానికి తరలించాలి. తరలింపు ఆలస్యమైతే అరటిపండ్లు, కొబ్బరినీళ్లు ఇవ్వరాదని కుటుంబ సభ్యులకు ముందుగానే తెలియజేయాలి.