ముఖానికి ఆవిరి పట్టడం

వేడినీటి నుంచి లేచే ఆవిరిని కొద్ది నిమిషాలు ముఖానికి తగలనిచ్చి చర్మాన్ని మెత్తబరిచే పద్ధతి ముఖానికి ఆవిరి పట్టడం. తెలుగు ఇళ్లలో పడిశం పట్టినప్పుడు దుప్పటి ముసుగేసుకుని పట్టే ఆవిరి ముక్కు దిబ్బడ కోసం. బ్యూటీపార్లర్లలో ఫేషియల్‌కు ముందు పట్టే ఆవిరి చర్మం కోసం. పద్ధతి ఒకటే అయినా ఉద్దేశాలు వేరు. ఈ వ్యాసం ముఖ్యంగా చర్మం కోసం ఇంట్లో పట్టుకునే ఆవిరి గురించి. దీనివల్ల కలిగే మేలు నిజమైనదే కాని, కొద్దిపాటిది, తాత్కాలికమైనది. ఆ మేలు దక్కాలంటే ఆవిరి పట్టాక చర్మాన్ని చూసుకునే తీరు ముఖ్యం. ఇందులో ఉన్న అపాయం దాదాపు అంతా వేడినీళ్ల గిన్నెను వాడే తీరులోనే ఉంది.

చరిత్ర

ఆయుర్వేదంలో చెమట పట్టించే చికిత్సను స్వేదం అంటారు. చరక సంహిత సూత్రస్థానంలోని 14వ అధ్యాయం పూర్తిగా దీనికే కేటాయించినది. అందులో అగ్నితో చేసే స్వేదాలు 13, అగ్ని లేకుండా చేసేవి 10 చెప్పారు. వీటిలో నాడీస్వేదం ఇప్పటి ఆవిరి పద్ధతులకు దగ్గరగా ఉంటుంది. మూలికలు ఉడుకుతున్న పాత్ర నుంచి ఒక గొట్టం ద్వారా ఆవిరిని ఒంటికి తగలనిస్తారు. ఆ గొట్టాన్ని రెండు మూడు చోట్ల వంచి చేయాలని గ్రంథం చెబుతుంది. ఆవిరి తిన్నగా రాకుండా వంపులు తిరిగి వస్తే దాని ఉధృతి తగ్గి, చర్మం కాలకుండా హాయిగా చెమట పడుతుందని కారణం కూడా వివరిస్తుంది. స్వేదం చేసేటప్పుడు కళ్లను శుభ్రమైన గుడ్డతోగాని, గోధుమపిండి ముద్దతోగాని, తామర, కలువ రేకులతోగాని కప్పాలని చెబుతుంది. గర్భిణులకు, పిత్త ప్రకృతి వారికి, రక్తస్రావం కలిగించే రక్తపిత్తంతో బాధపడేవారికి స్వేదం కూడదని హెచ్చరిస్తుంది. ఆవిరి విషయంలో ఈనాడు వైద్యులు చెప్పే జాగ్రత్తలు చాలావరకు ఈ దారిలోనివే.

టర్కీ హమ్మామ్, రష్యా బాన్యా, ఫిన్లాండ్ సౌనా, మెక్సికో ప్రాంతపు తెమాస్కాల్ వంటి స్నానశాలల్లో ఒళ్లంతటికీ ఆవిరి పట్టే ఆచారం ఉంది. ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని 2020లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ వైద్యుడు జాన్ మడ్జ్ దగ్గు కోసం మూత, గొట్టం అమర్చిన లోహపు చెంబులాంటి పరికరం తయారుచేసి 1778లో దాన్ని వివరిస్తూ పుస్తకం వెలువరించాడు. ఆవిరి పీల్చే పరికరాలు యూరప్ ఇళ్లలోకి చేరడానికి ఇలాంటివే నాంది.

చర్మంపై ఆవిరి పనితీరు

చర్మంలో అన్నిటికన్నా పైనుండే మృతకణాల పొర మందం దాదాపు 10 నుంచి 20 మైక్రోమీటర్లే. ముఖం మీద ఈ పొర తేమను పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. చర్మం కింది తైలగ్రంథులు స్రవించే జిడ్డు పదార్థం సెబమ్. వేడికి ఇది పలచబడుతుంది. మృతకణాలు, జిడ్డు కలిసి గట్టిపడిన బ్లాక్‌హెడ్స్ అందుకే ఆవిరి తర్వాత తేలిగ్గా వదులుతాయి. పార్లర్‌లో ముందు ఆవిరి పట్టి ఆ తర్వాత వాటిని తీయడానికి కారణం ఇదే. మూడో మార్పు రక్తనాళాల్లో వస్తుంది. వేడికి అవి వ్యాకోచించి ముఖానికి రక్తప్రసారం పెరుగుతుంది. ఆవిరి పట్టిన వెంటనే కనిపించే ఎరుపు, నిగారింపు దీనివల్లనే. చర్మం చల్లబడే కొద్దీ అవి తగ్గిపోతాయి.

ఆవిరికి చర్మరంధ్రాలు తెరుచుకుంటాయని, చన్నీళ్లకు మూసుకుంటాయని చాలామంది నమ్ముతారు. ఈ రంధ్రాల చుట్టూ వాటిని తెరిచి మూసే కండరాలేమీ లేవు. లోపలి జిడ్డు మెత్తబడటమే తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. ఆవిరితో ఒంట్లోని విషపదార్థాలు చెమట ద్వారా బయటికి పోతాయన్న ప్రచారమూ సరికాదు. ఆ పని చేసేవి కాలేయం, మూత్రపిండాలు. బ్లాక్‌హెడ్ నల్లగా ఉండటానికి కారణం మురికి కాదు. రంధ్రంలో పేరుకున్న పదార్థంలోని మెలనిన్, గాలి తగిలి మారిన కొవ్వులు దానికి ఆ రంగునిస్తాయి. ముక్కు మీద దగ్గరగా చూస్తే కనిపించే సన్నని బూడిదరంగు చుక్కలు అసలు బ్లాక్‌హెడ్సే కావు. అవి సెబమ్ బయటికి వచ్చే సహజమైన దారులు. వాటిని ఎన్నిసార్లు పిండినా కొద్ది రోజుల్లో మళ్లీ నిండుతాయి.

విధానం

కావలసినవి సుమారు లీటరు నీళ్లు, వెడల్పు అడుగున్న గిన్నె, పెద్ద తువ్వాలు, మాయిశ్చరైజర్. ముందుగా జుట్టు వెనక్కి ముడిచి, కాంటాక్ట్ లెన్స్, కళ్లజోడు, ముక్కుపుడక వంటివి తీసేయాలి. లోహపు ఆభరణాలు వేడెక్కి చర్మాన్ని చురుక్కుమనిపిస్తాయి. ముఖాన్ని గాఢత తక్కువ ఉన్న సబ్బుతోనో, ఫేస్‌వాష్‌తోనో కడుక్కోవాలి. మేకప్, సన్‌స్క్రీన్ ముఖాన ఉండగా ఆవిరి పట్టకూడదు.

నీళ్లు మరిగాక స్టవ్ ఆర్పేయాలి. వెలుగుతున్న స్టవ్ మీద గిన్నె ఉండగా దానిపైకి వంగి ఆవిరి పట్టడం ఎప్పుడూ పనికిరాదు, తువ్వాలు అంటుకోవచ్చు. గిన్నెను కదలని బల్ల మీద, అంచుకు దూరంగా పెట్టి, ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. తర్వాత కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, నీటికి 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే జానెడుకన్నా కాస్త ఎక్కువ దూరంలో ముఖం ఉంచాలి. తల మీదుగా తువ్వాలు కప్పుకోవాలి. తువ్వాలు పక్కనుంచి కొంచెం తెరిచి ఉంచితే ఆవిరి తీవ్రత చేతిలో ఉంటుంది. హాయిగా, నులివెచ్చగా ఉండాలి. చురుక్కుమంటే వెనక్కి జరగాలి. మధ్యమధ్య తువ్వాలు తీసి గాలి పీల్చుకోవాలి.

మొత్తం మీద ఐదు నిమిషాలు చాలు, పది దాటకూడదు. వారానికి ఒకసారి సరిపోతుంది. పొడి చర్మం వారికి నెలకు ఒకటి రెండుసార్లు మించి అక్కర్లేదు. రోజూ పడితే చర్మంలోని సహజమైన తైలాలు తగ్గి, పొడిబారి, దురద మొదలవుతుంది.

ఆవిరి ఆపగానే మెత్తని తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. గోరువెచ్చని నీటితో కడుక్కోవచ్చు. మంచుముక్కలు రుద్దడం అనవసరం. తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలి. పైపొర పీల్చుకున్న నీరు ఆరేటప్పుడు చర్మంలోని తేమను కూడా వెంట తీసుకుపోతుంది. మాయిశ్చరైజర్ ఆ నష్టాన్ని ఆపుతుంది. ఈ ఒక్క అడుగు వదిలేస్తే ఆవిరి పట్టక ముందుకన్నా చర్మం పొడిగా తయారవుతుంది. ఆ రోజు గరుకైన స్క్రబ్‌లు, ఆమ్లాలున్న సీరమ్‌లు వాడకూడదు. మొటిమలను గోళ్లతో గిల్లకూడదు, మెత్తబడిన చర్మం మీద మచ్చలు తేలిగ్గా పడతాయి. పగటిపూట బయటికి వెళ్లేవారు సన్‌స్క్రీన్ రాసుకోవాలి.

నీటిలో కలిపే పదార్థాలు

ఉత్త నీళ్లే చాలు. అయినా తెలుగునాట పసుపు, తులసి, వేపాకు, వావిలాకు, జామాయిల్ ఆకు, నీలగిరి తైలం వేయడం వాడుక. వీటిలో ఏది ముఖం దాకా చేరుతుందో తెలుసుకోవడం అవసరం. సువాసన తైలాలు తేలిగ్గా ఆవిరవుతాయి గనుక తులసి, వావిలి, జామాయిల్ వాసన నీటి ఆవిరితో పైకి వస్తుంది. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ ఆవిరి కాదు. ఉప్పు, నిమ్మరసంలోని ఆమ్లం కూడా గిన్నెలోనే ఉండిపోతాయి. కాబట్టి పసుపు నీటి ఆవిరి చర్మానికి పసుపు పూత ఇచ్చే పని చేయదు.

కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్‌లు మరో సంగతి. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం మొదలుకొని ఇలాంటి బామ్‌లు తెలుగువారికి తరతరాలుగా పరిచయం. మెంథాల్ ముక్కులోని చల్లదనాన్ని గుర్తించే నాడులను ప్రేరేపించి, ముక్కు తెరుచుకున్న అనుభూతినిస్తుంది. చర్మానికి మాత్రం దానివల్ల లాభమేమీ లేదు. పైగా కళ్లు మండుతాయి. ఘాటైన వాసనలు ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెప్పించగలవు. కర్పూరం, నీలగిరి తైలం మూర్ఛకు దారితీసిన సందర్భాలు వైద్యగ్రంథాల్లో నమోదయ్యాయి. మూర్ఛవ్యాధి ఉన్నవారు, చిన్నపిల్లలు ఉన్న ఇళ్లవారు వీటికి దూరంగా ఉండాలి.

పరికరాలు

మార్కెట్లో దొరికే ప్లాస్టిక్ స్టీమర్లలో నీరు ఒలికే భయం తక్కువ. చవకరకం వాటిలో కొన్ని నీటి గుండానే కరెంటు ప్రవహించి వేడెక్కేవి. వాటిలో చిటికెడు ఉప్పు వేయమనేది అందుకే. ఇలాంటి యంత్రం ప్లగ్‌లో ఉండగా మూత తీయడం, నీటిని తాకడం ప్రాణాంతకం. నీళ్లు పోయడం, పారబోయడం ప్లగ్ తీశాకనే. బోరునీళ్లు వాడితే లోపల సున్నపు పొర పేరుకుంటుంది. ఉప్పు అవసరం లేని రకాలకు వడపోసిన నీరు లేదా డిస్టిల్డ్ వాటర్ మేలు. వాడిన తర్వాత మిగిలిన నీరు పారబోసి, ఆరబెట్టాలి.

ఎవరు మానుకోవాలి

ముఖం తరచూ ఎర్రబడి మండే రోజేషియా ఉన్నవారికి వేడి సమస్యను పెంచుతుంది. ఎగ్జిమా, చీముపట్టిన మొటిమలు, పుండ్లు, ఎండకు కమిలిన చర్మం ఉన్నవారు ఆవిరి జోలికి పోకూడదు. మంగు మచ్చలు వేడికి ముదిరే అవకాశం ఉంది. లేజర్, కెమికల్ పీల్ చేయించుకున్నవారు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవారు చర్మవైద్యుల సలహా తీసుకోవాలి. గర్భిణులు, తరచూ కళ్లు తిరిగేవారు ఎక్కువసేపు వంగి వేడిలో ఉండకూడదు.

కాలిన గాయాలు, ప్రథమ చికిత్స

ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడు దాదాపు 540 కెలోరీల వేడిని వదులుతుంది. 100 డిగ్రీల వేడినీరు ఒక గ్రాము శరీర ఉష్ణోగ్రతకు చల్లబడేటప్పుడు వదిలేది సుమారు 63 కెలోరీలే. మరుగుతున్న గిన్నె మూత తీసేటప్పుడు ఆవిరి తగిలి చేయి అంతగా కాలడానికి ఇదే కారణం. అయితే ఇళ్లలో పెద్ద ప్రమాదాలు ఎక్కువగా గిన్నె తిరగబడటం వల్లే జరుగుతాయి. ఒడిలోనో, మంచం మీదో, పిల్లలు తిరిగే చోట నేల మీదో గిన్నె పెట్టుకోవడం ఇందుకు దారితీస్తుంది. కోవిడ్ కాలంలో మన దగ్గర, విదేశాల్లో ఆవిరి విపరీతంగా వాడారు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 2020లో ఆవిరి పట్టేటప్పుడు కాలిన పిల్లల సంఖ్య 30 రెట్లు పెరిగిందని లాన్సెట్ పత్రికలో రాశారు. ఆవిరి కరోనా వైరస్‌ను చంపదు. వైరస్‌ను చంపేంత వేడిని ముక్కు, గొంతు తట్టుకోలేవు. పిల్లలకు ఇంట్లో గిన్నెతో ఆవిరి పట్టించకపోవడమే క్షేమం.

కాలితే వెంటనే ఆ భాగాన్ని కుళాయి కింద చల్లని నీటిలో 20 నిమిషాలు ఉంచాలి. తడిసిన దుస్తులు, నగలు తీసేయాలి. చర్మానికి అంటుకున్న గుడ్డను లాగకూడదు. టూత్‌పేస్టు, ఇంకు, కోడిగుడ్డు సొన, నెయ్యి, మంచుముక్క పెట్టకూడదు. బొబ్బలు చిదపకూడదు. ముఖం కాలినా, పిల్లలకు కాలినా, గాయం చిన్నదిగా కనిపించినా సరే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రత్యామ్నాయాలు

శుభ్రమైన తువ్వాలును వేడినీటిలో ముంచి, గట్టిగా పిండి, మణికట్టు మీద వేడి చూసుకుని ముఖం మీద రెండు మూడు నిమిషాలు వేసుకుంటే చర్మం దాదాపు అంతే మెత్తబడుతుంది, గిన్నె తిరగబడుతుందన్న భయం ఉండదు. వృద్ధులకు, చేతులు వణికేవారికి ఇదే మేలైన దారి. వేడినీటి స్నానం చేసి వచ్చిన వెంటనే ముఖం శుభ్రపరుచుకుని మాయిశ్చరైజర్ రాసుకున్నా చాలామందికి ఆ ఫలితమే దక్కుతుంది. మళ్లీ మళ్లీ వచ్చే మొటిమలకు, బ్లాక్‌హెడ్స్‌కు ఆవిరి చికిత్స కాదు. వాటికి సాలిసిలిక్ ఆమ్లం, బెంజాయిల్ పెరాక్సైడ్, అడపాలీన్ వంటి మందులను చర్మవైద్యులు చర్మతీరును బట్టి సూచిస్తారు. వాటి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మధ్యలో మానకుండా వాడాలి.