డిజిటల్ చిత్రాలను పెద్దవి చేయడం

డిజిటల్ చిత్రాలను పెద్దవి చేయడం అనగా ఒక చిత్రంలోని పిక్సెళ్ళ సంఖ్యను గణిత పద్ధతిలో పెంచి, దానిని ఎక్కువ వైశాల్యంలో చూపడానికి లేదా ముద్రించడానికి అనువుగా మార్చే ప్రక్రియ. పాత ఛాయాచిత్రాలు, శాసనాలు, తాళపత్రాలు, పత్రికల పుటల ప్రతులతో పనిచేసేవారికి దీని అవసరం తరచుగా కలుగుతుంది. చిత్రం తీసినపుడు నమోదు కాని వివరాన్ని ఏ పద్ధతీ తిరిగి తేలేదు. ఉన్న వివరాన్ని చెడనీయకుండా కాపాడడమే మంచి పద్ధతి లక్షణం.

పిక్సెళ్ళ లెక్క

డిజిటల్ చిత్రం చిన్న చిన్న చదరాల కూర్పు. ఒక్కొక్క చదరాన్ని పిక్సెల్ అంటారు. 1957లో అమెరికాకు చెందిన రస్సెల్ కిర్ష్ తన కుమారుని ఛాయాచిత్రాన్ని స్కాన్ చేసి రూపొందించిన తొలి డిజిటల్ చిత్రంలో అడ్డంగా 176, నిలువుగా 176 పిక్సెళ్ళు మాత్రమే ఉన్నాయి.

కాకినాడ జిల్లా పెద్దాపురంలోని పాండవుల మెట్టను 640×480 పిక్సెళ్ళ కెమెరాతో చిత్రించారనుకొందాం. అందులో మొత్తం 3,07,200 పిక్సెళ్ళుంటాయి. నాణ్యమైన ముద్రణకు అంగుళానికి 300 పిక్సెళ్ళు కావాలి కనుక ఈ చిత్రం సుమారు 2.1×1.6 అంగుళాల పరిమాణంలోనే స్పష్టంగా వస్తుంది. 6×4 అంగుళాలకు 1800×1200, అనగా 21,60,000 పిక్సెళ్ళు అవసరం. పొడవు, వెడల్పులను రెట్టింపు చేస్తే పిక్సెళ్ళు నాలుగు రెట్లవుతాయి. అంటే ప్రతి నాలుగింటిలో మూడు కంప్యూటరు లెక్కకట్టి చేర్చినవే.

ముఖ్య పద్ధతులు

* సమీప పిక్సెల్ పద్ధతి: పక్కనున్న పిక్సెల్ రంగునే కొత్తదానికి ఇస్తుంది. వేగవంతమైనది, కానీ అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి.
* బైలీనియర్: చుట్టూ ఉన్న 4 పిక్సెళ్ళ సగటును తీసుకొంటుంది. అంచులు నునుపవుతాయి, చిత్రం కొంత మసకబారుతుంది.
* బైక్యూబిక్: 16 పిక్సెళ్ళను లెక్కలోకి తీసుకొంటుంది. ఛాయాచిత్రాలకు సాధారణంగా దీనినే వాడతారు.
* కృత్రిమ మేధ పద్ధతులు: 2014 తరువాత వ్యాప్తిలోకి వచ్చాయి. వేలాది చిత్రాలను చూసి నేర్చుకొన్న నమూనా, లోపించిన వివరాన్ని ఊహించి పూరిస్తుంది.

వెక్టర్ చిత్రాలు

పిక్సెళ్ళకు బదులు గీతలను, వంపులను గణిత సూత్రాలుగా భద్రపరచే చిత్రాలను వెక్టర్ చిత్రాలంటారు. వీటిని ఎంత పెద్దవి చేసినా నాణ్యత తగ్గదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన వంటి తెలుగు ఫాంట్లలోని అక్షరాలు ఈ విధమైనవే. అందువలన అదే అక్షరం పుస్తకంలోను, గోడపత్రికలోను ఒకే స్పష్టతతో అచ్చవుతుంది. పటాలకు, చిహ్నాలకు ఈ విధానం అనువైనది, ఛాయాచిత్రాలకు కాదు.

లిపి ఉన్న చిత్రాలలో జాగ్రత్త

తెలుగులో ద-ధ, ప-ఫ వంటి అక్షరాల మధ్య భేదం ఒక చిన్న గీత మాత్రమే. చిన్న చిత్రంలో ఆ గీత ఒకటి రెండు పిక్సెళ్ళకు మించదు. పెద్దాపురం అన్న పేరున్న పలకను దూరం నుండి తీస్తే, అందులోని అక్షరం "ద్ద" అన్నదీ "ద్ధ" అన్నదీ చిత్రాన్ని బట్టి తేలకపోవచ్చు. సాధారణ పద్ధతులలో అక్షరం మసకగా కనిపించి, చదువరిని అనుమానంలోనే ఉంచుతుంది. కృత్రిమ మేధ మాత్రం ఏదో ఒక అక్షరాన్ని స్పష్టంగా గీసి, అనుమానానికి తావు లేకుండా చేస్తుంది. ప్రమాదమంతా ఇక్కడే ఉన్నది.

ముఖాల విషయమూ ఇంతే. 2020లో పల్స్ అనే నమూనాకు బరాక్ ఒబామా అస్పష్ట చిత్రాన్ని ఇవ్వగా, అది ఒక శ్వేతజాతీయుని ముఖాన్ని తయారుచేసింది. కనుక ఇటువంటి చిత్రాలను శాసన పాఠానికి గాని, వ్యక్తుల గుర్తింపునకు గాని ఆధారంగా తీసుకొనరాదు.

మెలకువలు

* అసలు ఛాయాచిత్రం అందుబాటులో ఉంటే దానినే ఎక్కువ సాంద్రతతో తిరిగి స్కాన్ చేయడం ఉత్తమం. 2×3 అంగుళాల చిత్రాన్ని అంగుళానికి 1200 చొప్పున స్కాన్ చేస్తే 8×12 అంగుళాల ముద్రణకు సరిపోతుంది.
* జేపెగ్ ఫైలును మార్చి భద్రపరచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. పని జరుగుతున్నంతకాలం పీఎన్‌జీ లేదా టిఫ్ రూపంలో ఉంచాలి.
* దూరం నుండి చూసే ఫ్లెక్సీలకు తక్కువ సాంద్రత సరిపోతుంది.
* మూల ప్రతిని మార్చకుండా విడిగా దాచి, పెంచిన ప్రతిపై ఆ విషయం రాసి ఉంచాలి.

ఇవి కూడా చూడండి

* పిక్సెల్
* ఛాయాచిత్రకళ
* తెలుగు లిపి
* పెద్దాపురం