కఱ్ఱదెబ్బయు కత్తిపోటును: నేరముల తారతమ్యము



"కత్తి పట్టలేదు, గొడ్డలి ఎత్తలేదు, నాలుగు కఱ్ఱదెబ్బలు కొట్టినారు. ఆ మాత్రమునకు ఖూనీ కేసా?" ఈ మాట వినని పెద్దలు మన పల్లెలలో అరుదు. కొట్లాటలో ఒకడు మరణించినప్పుడు, కొట్టినవారి పక్షమువారు రచ్చబండ యొద్ద మొట్టమొదట చెప్పు వాదమిది. ఈ వాదము నిన్న మొన్న పుట్టినది కాదు. మన దేశమున నడచిన మూడు న్యాయవ్యవస్థలును ఒకదాని వెంట నొకటిగా దీనికి సమాధానము చెప్పవలసి వచ్చెను. ఏ నేరము పెద్దది, ఏది చిన్నది, ఆ హెచ్చుతగ్గులను దేనితో తూచవలెను అను విచారమే దండనీతి కంతకును మూలము. ఆ తూనికఱాళ్లు కాలక్రమమున నెట్లు మారినవో నేడు మనవి చేసెదను.

మొదట మన ధర్మశాస్త్రములను చూతము. బలము చూపి చేయు దుష్కార్యమునకు వానిలో సాహసమని పేరు. దానికి విధించు ధనదండమును ప్రథమ, మధ్యమ, ఉత్తమ సాహసములని మూడు మెట్లుగా నేర్పఱచిరి. ఆ మెట్లు మనువు మతమున 250, 500, 1000 పణములు. యాజ్ఞవల్క్యుని మతమున 270, 540, 1080 పణములు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమున మితాక్షర యను వ్యాఖ్యను వ్రాసెను. 13వ శతాబ్దమున కేతన దాని ననుసరించి తెలుగు పద్యములలో విజ్ఞానేశ్వరీయమును రచింపగా, సంస్కృతము రాని తెలుగు గృహస్థునకును ఈ ధర్మము తెలియవచ్చెను.

కఱ్ఱదెబ్బను యాజ్ఞవల్క్యుడు విడువలేదు. కఱ్ఱ మొదలగువానితో కొట్టగా నెత్తురు కానరాక నొప్పి మాత్రమే కలిగినచో 32 పణములు. నెత్తురు కనబడినచో దానికి రెట్టింపు. చేయి గాని, కాలు గాని, పన్ను గాని విఱిగినను, చెవిముక్కులు తెగినను మధ్యమ సాహసదండము. గాయమెంతయో దండమంత యను నియమ మిచ్చట స్పష్టముగా నున్నది.

అయితే ఆ త్రాసులో మఱియొక ఱాయియు నుండెను. అది కొట్టిన వాని పుట్టుక, దెబ్బ తిన్న వాని పుట్టుక. బ్రాహ్మణుని దూషించిన క్షత్రియునకు 100 పణములు, వైశ్యునకు 150 గాని 200 గాని, శూద్రునకు శరీరదండనము అని మనుస్మృతి విధించెను. బ్రాహ్మణుడే యితరుల దూషించినచో 50, 25, 12 పణములతో సరిపోవును. ఇతరులకు ప్రాణదండము విధింపదగిన చోట బ్రాహ్మణునకు శిరోముండనము చాలునట. దొంగతనము విషయమున మాత్రము ఆ స్మృతియే దీనికి విరుద్ధముగా నడచినది. తప్పని యెఱిగి దొంగిలించిన శూద్రునకు ఎనిమిది రెట్లు, వైశ్యునకు 16, క్షత్రియునకు 32, బ్రాహ్మణునకు 64 రెట్లు, లేదా అంతకు మించియు దోషమని చెప్పినది. ఎఱుక హెచ్చిన కొలది నేరము హెచ్చునను ఈ సూత్రము మిక్కిలి విలువైనది. దానిని అన్ని నేరములకు చాచకుండుటయే లోపము.

తరువాత ఉత్తర సర్కారులలో మహమ్మదీయ న్యాయము నడచెను. 18వ శతాబ్దమున ఈస్టిండియా కంపెనీవారు ఈ సీమను పొందిన పిదప దానిని వెంటనే తొలగింపలేదు. 1802 నాటి శాసనముల ప్రకారము చెన్నపురి రాజధానిలో సర్క్యూటు కోర్టులును, వానిపై ఫౌజ్‌దారీ అదాలతును ఏర్పడినవి. విచారణ ముగిసిన మీదట ఖాజీ గాని ముఫ్తీ గాని ఫత్వా చెప్పవలసి యుండెను.

ఆ న్యాయమున నరహత్యకు తరగతులు కలవు. బుద్ధిపూర్వకమైనది, బుద్ధిపూర్వకమైన దానిని పోలినది, పొరపాటున జరిగినది అని వానిని వేఱుచేయుదురు. మొదటి దానికి ప్రాణమునకు ప్రాణము. తక్కిన రెంటికి దియా యను రక్తధనము. ఇక తరగతి తెలియుటెట్లు? వాడిన ఆయుధమును బట్టి యని అబూ హనీఫా యను మహాపండితుని మతము. కోయుటకు, చీల్చుటకు తగిన ఆయుధముతో చంపిన నది మొదటి తరగతి. దుడ్డుకఱ్ఱతో కొట్టి చంపిన నది రెండవది, ప్రాణదండము లేదు. మన రచ్చబండ వాదమున కచ్చముగా శాస్త్రాధారము దొరకిన చోటిది! ఆయన శిష్యులైన అబూ యూసుఫు, మహమ్మదు అనువారు దీని నంగీకరింపలేదు. సాధారణముగా ప్రాణము తీయగల వస్తువేదైనను సమానమే యని వారనిరి. అంతేకాక, చంపబడినవాని వారసులు హంతకుని క్షమించినను, ధనము పుచ్చుకొని రాజీపడినను, ప్రాణదండము తప్పిపోవుచుండెను. ఖూనీ రాజ్యముపై జరిగిన నేరము కాక, కుటుంబముల నడిమి బాకీవలె నుండెను.

కారన్‌వాలిసు ప్రభువు వంగదేశమున 1790 మొదలు 1793 లోపల ఈ రెంటిని మార్చెను. ఆయుధము కాదు, ఉద్దేశమే ప్రమాణమనియు, వారసుల క్షమ శిక్ష నాపజాలదనియు విధించెను. అయినను కంపెనీవారి త్రాసు పూర్తిగా సరియైనదని యనరాదు. 1816వ సంవత్సరపు చెన్నపురి 11వ రెగ్యులేషను, చిల్లర తిట్లు, కొట్లాటలు విచారించు నధికారమును గ్రామపెద్దల కిచ్చెను. నేరస్థుని 12 గంటల వఱకు గ్రామచావడిలో నిర్బంధింపవచ్చును. తక్కువ కులమువాడైనచో ఆఱు గంటల వఱకు బొండకొయ్యలో వేయవచ్చును! స్మృతులను నిందించిన దొరలే కులమును చూచి కొయ్య వేయించిరి.

1834వ సంవత్సరమున మెకాలే అధ్యక్షుడుగా ఏర్పడిన లా కమిషను 1837లో ఒక శిక్షాస్మృతి చిత్తుప్రతిని సిద్ధపఱచెను. అది 1860 అక్టోబరు 6న చట్టమై, 1862 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. దానినే మనము ఇండియన్ పీనలు కోడు అనుచుంటిమి. నేర నిర్వచనములలో పుట్టుకను తీసివేసి, జరిగిన హాని యెంత, చేసినవాని మనస్సెట్టిది, జరిగిన పరిస్థితి యెట్టిది అను మూడు ప్రశ్నలను అది నిలిపెను.

దొంగతనమునే చూడుడు. సామాన్యపు దొంగతనమునకు మూడేండ్ల వఱకు ఖైదు. నివాసగృహములో చేసినచో ఏడేండ్ల వఱకు. భయపెట్టియో గాయపఱచియో దోచినచో పదేండ్ల వఱకు. ఆ దోపిడి రహదారిపై, ప్రొద్దు క్రుంకిన తరువాత, తెల్లవాఱకముందు జరిగినచో పదునాలుగేండ్ల వఱకు. అయిదుగురో అంతకు మించినవారో కలసి దోచినచో బందిపోటగును. యావజ్జీవ శిక్షయు పడవచ్చును. పోయిన సొత్తు ఒక్కటే యైనను, సొత్తుతో పాటు పోయిన నిర్భయతను బట్టి మెట్టు పెరిగినది.

దెబ్బల విషయమును అట్టిదే. ఎముక గాని పన్ను గాని విఱిగినచో అది తీవ్రగాయము. సామాన్యగాయమునకు ఏడాది వఱకు ఖైదు కాగా దీనికి ఏడేండ్ల వఱకు. యాజ్ఞవల్క్యుడు గీచిన గీతయు ఈ పంటియొద్దనే గదా! మండవల్లివంటి కొల్లేటి అంచు గ్రామములవారు మఱియొకటి యెఱుగవలెను. ఒకని వస్తువును పాడుచేయుట చిన్న నేరమే కావచ్చును. కాని సేద్యపు నీరు తగ్గునట్లు కాలువను చెఱచినచో అయిదేండ్ల వఱకు ఖైదు. గట్టుమీది మన్ను విలువ కాదు, దానివలన ఎండు చేల విలువ యిచ్చట లెక్కకు వచ్చును.

ఇక నరహత్య. 1912లో చెన్నపురి హైకోర్టు తీర్పు చెప్పిన తెలుగుసీమ కేసొకటి కలదు. ఒకడు మఱియొకనికి తెలియకుండ వాని ప్రాణముపై బీమా చేయించి, ఆ సొమ్ము కొఱకు విషము కలిపిన హల్వాను పెట్టెను. తిన్నవాడు కొంచెము తిని పాఱవైచి బ్రతికెను. మిగిలినది తిన్న చిన్నపిల్ల మరణించెను. ఆ పిల్లను చంపవలెనని అతడు తలపలేదు గదా యనిన వాదమును అధిక సంఖ్యాకులగు న్యాయమూర్తులు త్రోసివైచిరి. చంపవలెనను బుద్ధితో చేసిన పని ఎవరిని చంపినను హత్యయే యనిరి.

మన కఱ్ఱ ప్రశ్నకు తుది సమాధానము పల్నాటినుండి వచ్చెను. 1968లో, నాటి గుంటూరు జిల్లాలోని రొంపిచర్ల గ్రామకక్షల ఫలితముగా, నెకరికల్లు బస్సు నిలుచుచోట ఒక మనుష్యుని దుడ్డుకఱ్ఱలతో కొట్టిరి. తలపై కొట్టలేదు, కాళ్లు చేతులపైననే కొట్టిరి. 19 గాయములు తగిలి, ఎముకలు విఱిగి, మఱునాడతడు మరణించెను. ప్రాణము తీయు ఉద్దేశము లేదనియు, ఆయువుపట్లపై కొట్టలేదనియు హైకోర్టు దీనిని హత్యనుండి క్రింది మెట్టునకు దించి అయిదేండ్ల ఖైదు విధించెను. రాష్ట్రప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. 1976 సెప్టెంబరు 15న న్యాయమూర్తి సర్కారియా తీర్పు చెప్పుచు, నరహత్య మూడు మెట్లని విభజించెను. అన్నిటికంటె ఘోరమైనది హత్య. రెండవది, మూడవది 304వ సెక్షనులోని రెండు భాగములు. చంపు తలంపు ఉన్నదా లేదా యని మాత్రమే కాక, కొట్టిన యా గాయములను కావలెననియే చేసిరా, అవి సహజగతిలో ప్రాణము తీయజాలినవా యని చూడవలెను. రెండును అవుననినచో అది హత్యయే. నిరాయుధుడైన వానిని బరువైన కఱ్ఱలతో ఎముకలు నుగ్గగునట్లు కొట్టినవారు "తలపై కొట్టలేదు" అని తప్పించుకొనజాలరని కోర్టు నిర్ణయించెను.

అట్లని ప్రతి కఱ్ఱదెబ్బయు ఖూనీ కాదు. తీవ్రమైన ఆకస్మిక కవ్వింపువలన గాని, ముందాలోచన లేక అప్పటికప్పుడు రేగిన పోరులో గాని, ఆత్మరక్షణహక్కు మీఱినందున గాని జరిగిన చంపుట, నియమముల కొదిగినచో, క్రింది మెట్టునకు దిగును.

శిక్షయొక్క ధోరణియు మారెను. 1955 వఱకు హత్యకు మరణశిక్ష వేయనిచో న్యాయాధిపతి కారణము వ్రాయవలసి యుండెను. 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు దానిని తలక్రిందులు చేసి, వేసినచో ప్రత్యేక కారణము వ్రాయవలెననెను. 1980లో సుప్రీంకోర్టు, అత్యంత అరుదైన వానిలో అరుదైన కేసులకే మరణశిక్ష యని నిర్ణయించెను. 2024 జూలై 1 నుండి పీనలు కోడు స్థానమున భారతీయ న్యాయ సంహిత నడచుచున్నది. హత్యకు అందు శిక్ష 103వ సెక్షను. అయిదుగురో అంతకు మించినవారో కూడి కులము, జాతి, భాష మొదలగు కారణములచే చంపినచో దానికి వేఱుగా ఒక విధి చేర్చిరి.

పుట్టుక యను తూనికఱాయి త్రాసులోనికి మఱల వచ్చెను గాని, ఈ మాఱు రెండవ తట్టలోనికి. 1985 జూలై 17న కారంచేడులో ఆఱుగురు దళితులు హతులైరి. నాలుగేండ్ల తరువాత, 1989లో, షెడ్యూల్డు కులములపై, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టము వచ్చెను. పూర్వము అధికుని కొట్టిన బలహీనునకు దండము హెచ్చు. ఇప్పుడు బలహీనుని అణచిన బలవంతునకు హెచ్చు.

పెద్దలారా! ఇదంతయు కోర్టుల గొడవ యని యెంచవలదు. గ్రామములో తగవు మొదట వచ్చునది మీ యొద్దకే. సామాన్యపు దెబ్బ, అవమానకరమైన తిట్టు, ఒకరి స్థలములో అక్రమముగా చొరబడుట వంటి వానిని బాధితుడు రాజీపడుటకు చట్టమే అనుమతించుచున్నది. వానిని తీర్చి ఊరిలో శాంతిని నిలుపుట పుణ్యకార్యము. కాని హత్య, మానభంగము, దోపిడి రాజీకి లోబడవు. అట్టి వానిలో ఇంత తప్పు కట్టించి, విధవరాలికి ఇంత యిప్పించి, కేసు లేకుండ చేయుట ధర్మము కాదు. నేరమును మఱుగుపఱచుటకు ధనము పుచ్చుకొనుట న్యాయ సంహితలో 250వ సెక్షను ప్రకారము నేరము. దాచిన నేరము మరణశిక్షకు తగినదైనచో ఏడేండ్ల వఱకు ఖైదు. ఇచ్చిన వానికి 251వ సెక్షను సిద్ధముగా నున్నది.

చనిపోయినవాని ప్రాణము వాని భార్యాబిడ్డలకు మాత్రమే చెందిన సొత్తు కాదు, వారు క్షమించి వదలుకొనుటకు. అది సర్వప్రజల రక్షణకు సంబంధించినది. రెండు వందల యేండ్ల క్రిందటనే రక్తధనము ఈ దేశపు న్యాయస్థానములనుండి తొలగింపబడినది. దానిని రచ్చబండ యొద్ద మఱల నెలకొల్పకుండుట పెద్దల బాధ్యత. కఱ్ఱయా, కత్తియా యని యడుగుటకు ముందు, కొట్టినవాడు ఏమి చేయ దలచెను, ఏమి చేసెను అని యడుగుడు. పిమ్మట ఆ తగవు మీరు తీర్చదగినదో, ప్రభుత్వమునకు తెలుపదగినదో మీకే విశదమగును.