జీపు గేరుపెట్టె: మూడు గేర్ల నుండి ఐదు గేర్లకు

1940వ సంవత్సరములో అమెరికా సైన్యము ఒక చిన్న బండిని కోరినది. అది తేలికగా ఉండవలెను. నాలుగు చక్రములకును శక్తి అందవలెను. బాంటమ్ కంపెనీ తన మొదటి నమూనాను ఆ సెప్టెంబరులో అప్పగించెను. విల్లీస్, ఫోర్డు కంపెనీలు దాని వెనుక వచ్చినవి. ఈ పోటీనుండి పుట్టినదే జీపు. యుద్ధము ముగిసిన 1945లో విల్లీస్ కంపెనీ దానిని సి.జె.-2ఎ అను పేరుతో రైతులకు అమ్మజొచ్చెను. స్వాతంత్ర్యానంతరము బొంబాయిలో మహీంద్రా కంపెనీ కూర్చిన జీపులును ఈ కుటుంబములోనివే.

సి.జె.-2ఎ లోని టి-90 గేరుపెట్టెలో ముందుకు నడుపు గేర్లు మూడే. చిన్న పళ్ళచక్రము పెద్దదానిని త్రిప్పినప్పుడు వేగము తగ్గును, త్రిప్పు బలము పెరుగును. వేగమును ఇచ్చి బలమును కొనుట అన్నమాట. ఈ బేరము జీపులో మూడు చోట్ల జరుగును. మొదటి గేరులో నిష్పత్తి 2.80, ట్రాన్స్‌ఫర్ పెట్టెలోని లో-రేంజిలో 2.43, ఇరుసులో 5.38. మూడింటిని గుణించిన 36.6 వచ్చును. అనగా ఇంజను 36 సార్లకు పైగా తిరిగినగాని చక్రము ఒక్కసారి తిరుగదు. సుమారు 60 అశ్వశక్తుల ఇంజనుతో కొండనెక్కుటకును, నాగలి లాగుటకును ఇది చాలును.

చిక్కు రహదారిపై వచ్చినది. మూడవ గేరులో గేరుపెట్టె వేగమును మార్చదు, ఇరుసులోని 5.38 మాత్రము అట్లే ఉండును. గంటకు 80 కిలోమీటర్లు పోవలెనన్న ఇంజను నిమిషమునకు సుమారు 3,200 సార్లు తిరుగవలెను. ఆ రొదలో పక్కవాని మాట వినబడదు. ఇరుసు నిష్పత్తిని తగ్గించుదమన్న కొండనెక్కు బలము పోవును. పాత జీపు యజమానులను దశాబ్దములపాటు వేధించిన ప్రశ్న ఇదియే.

ట్రాన్స్‌ఫర్ పెట్టె వెనుక, పొలపు యంత్రములను త్రిప్పుటకై ఉంచిన రంధ్రమొకటి కలదు. వార్న్ కంపెనీ అచ్చట అమర్చదగిన ఓవర్‌డ్రైవును తయారుచేసి ఇంజను వేగమును నాలుగవ వంతు తగ్గించెను. ఉపాయము చక్కనిదే, కాని మొదటి గేరు బలము ఏమాత్రము పెరుగలేదు.

ఐదు గేర్ల పెట్టె రెండు కొసలను ఒకేసారి సాగదీసినది. 1982 నుండి సి.జె. జీపులలో టి-5 అను ఐదు గేర్ల పెట్టె లభించెను. 1980ల చివరనుండి 1999 వరకు జీపులలో వాడిన జపాను ఐసిన్ కంపెనీవారి ఏఎక్స్-15 అంతకంటె గట్టిది. దీని మొదటి గేరు 3.83, ఐదవది 0.79. పాత జీపులో దీనిని లెక్కించి చూడుడు: లో-రేంజిలో 36.6 కాస్త 50 అగును. 80 కిలోమీటర్ల వేగమున 3,200 కాస్త 2,500 అగును. మరియొక సౌఖ్యము కూడ కలదు. పళ్ళు కలియకముందే వాని వేగములను సమముచేయు సింక్రోమెష్ 1928లోనే కాడిలాక్ కార్లలో వచ్చినను, టి-90 మొదటి గేరుకు అది లేదు. బండి కదలుచుండగా ఆ గేరు వేయబోయిన పళ్ళు గరగరలాడును. కొత్త పెట్టెలో ఆ బాధ లేదు.

అమర్చుట మాత్రము తేలిక కాదు. ఇంజనుకును గేరుపెట్టెకును నడుమ ఒకటి, గేరుపెట్టెకును ట్రాన్స్‌ఫర్ పెట్టెకును నడుమ ఒకటి, అడాప్టర్లు కావలెను. కొత్త షాఫ్టు గాళ్ళకు సరిపడు క్లచ్చు ప్లేటు కావలెను. అన్నిటికంటె పెద్ద ఇబ్బంది పొడవు. టి-90 చాల పొట్టిది. ఇరుసుల నడుమ దూరము 80 అంగుళములే. పొడవైన పెట్టెను ఇరికించిన ట్రాన్స్‌ఫర్ పెట్టె వెనుకకు జరుగును, వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు కురచయై ఏటవాలు పెరుగును, కీళ్ళు అదురును. ఇంజనును ముందుకు జరుపుదమన్న రేడియేటరు అడ్డు. అందుచే ఇరుసుల దూరము ఎక్కువగల జీపులకే ఈ మార్పు బాగుగా నప్పును. పైగా 36 రెట్లకు తగినట్లు చేసిన ఇరుసులపై 50 రెట్ల బలము పడును. రాళ్ళలో చక్రము చిక్కుకొన్నప్పుడు తొందరపడి యాక్సిలరేటరు నొక్కిన అవి విరుగవచ్చును. వేగమాపకమునకు మాత్రము భయము లేదు. దాని తీగ ట్రాన్స్‌ఫర్ పెట్టెనుండి బయలుదేరును గనుక, గేర్లు మూడైనను ఐదైనను అది చూపు అంకె మారదు.