దూరానికి సాక్షి

మా గరిడేపల్లి వైపు వాళ్ళం శివరాత్రికి మేళ్ళచెరువు జాతరలో ఎడ్ల పందేలు చూసి పెరిగినవాళ్ళం. నిర్ణీత సమయంలో జత బండను ఎంత దూరం లాగిందో అడుగుల్లో కొలుస్తారు. పేచీ వస్తే టేపు మళ్ళీ పరుస్తారు. కొలిచేదీ, ఒప్పుకునేదీ అక్కడున్న జనమే. మరి కనుచూపు దాటిన పందేనికి సాక్షి ఎవరు? ఆరుబయటి క్రీడలలో ఉపగ్రహం తెచ్చిన మార్పును ఈ ప్రశ్న నుంచే చూడాలని నా అభిప్రాయం.

1968లో లండన్ పత్రిక 'సండే టైమ్స్' ఒక పందెం పెట్టింది: ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టి రావాలి. నావికుడు సెక్స్టెంటుతో సూర్యుణ్ణీ చుక్కల్నీ చూసి, తానున్న చోటు తానే లెక్కకట్టి, రేడియోలో తానే చెప్పాలి. ఆ మాటే సాక్ష్యం. పోటీదారుల్లో డొనాల్డ్ క్రౌహర్స్ట్ ఒక చిన్న వ్యాపారి. పడవలకు దిక్కు చూపే రేడియో పరికరం తయారుచేసి అమ్మేవాడు! ఇల్లూ కంపెనీ తాకట్టుపెట్టి బయలుదేరాడు. పడవలోకి నీళ్ళు వస్తున్నాయి. ముందుకు పోతే చావు, వెనక్కి మళ్ళితే దివాలా. అట్లాంటిక్‌లోనే తచ్చాడుతూ, వెళ్ళని సముద్రాల నుంచి కబుర్లు పంపాడు. లేని చోటికి లెక్క పుట్టించడం ఉన్న చోటి లెక్కకంటే కష్టం. కథలు రాసే మనకు ఆ కష్టం తెలుసు. 1969 జూలై 10న ఖాళీ పడవ దొరికింది. అతణ్ణి ఉత్త మోసగాడని తీసిపారేసేవారు ఆ తాకట్టును మరిచిపోతున్నారు. గెలిచిన నాక్స్-జాన్‌స్టన్ మరిచిపోలేదు. తన బహుమతి 5,000 పౌన్లు ఆ కుటుంబానికి ఇచ్చేశాడు.

నేడు ఆ అబద్ధం ఒక్క పూట నిలవదు. అయితే ఈ కొత్త సాక్షి సైన్యం ఇంట పుట్టింది. అమెరికా రక్షణశాఖ 1973లో తలపెట్టిన జి.పి.ఎస్.కు తొలి ఉపగ్రహం 1978లో ఎగిరింది. పౌరులకిచ్చే సంకేతంలో కావాలనే తప్పు కలిపారు. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెలలో దాన్ని తీసేశాకే మామూలు క్రీడాకారుడి చేతికి నమ్మదగిన కొలత అందింది. కొలబద్ద ఎవరి గుప్పిట్లో ఉందో గమనించాలి. 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి మన సొంత వ్యవస్థకు తొలి ఉపగ్రహం లేవడాన్ని నేను క్రీడల చరిత్రలోనూ చేరుస్తాను.

2018లో ఆ పాత పందేన్ని పాత పద్ధతిలోనే మళ్ళీ పెట్టారు. జి.పి.ఎస్. వాడకూడదు, ఆపద కోసం ఒకటి పెట్టెలో పెట్టి సీలు వేశారు. ఒడ్డునున్నవారు మాత్రం ప్రతి పడవనూ ఉపగ్రహం ద్వారా చూస్తూనే ఉన్నారు. ఇదొక వింత ఏర్పాటు: నావికుడు తన చోటును లెక్క కట్టుకోవాలి, లోకానికి ముందే తెలుసు. మన నౌకాదళానికి చెందిన అభిలాష్ టామీ దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకు చిక్కి, వెన్ను దెబ్బతిని, కదలలేక పడి ఉంటే, మూడు రోజులకు ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడింది. క్రౌహర్స్ట్ మీద అలాంటి చూపు ఉండి ఉంటే బతికేవాడా, లేక మొదటి వారమే పరువు పోయి ఇల్లు చేరేవాడా, చెప్పలేను.

2022లో మళ్ళీ అదే పందెం. నవంబరులో ఫిన్లాండు నావికుడు తాపియో లెహ్టినెన్ పడవ మునిగింది. దగ్గర్లో ఉన్న దక్షిణాఫ్రికా మహిళ కిర్స్టెన్ నాయ్‌షేఫర్ అనుమతితో పెట్టె సీలు తెంచి, ఆ జి.పి.ఎస్.తో దారి వెతుక్కుంటూ పోయి అతణ్ణి పడవలోకి ఎక్కించుకుంది. ఒక సరుకు ఓడకు అప్పగించి తన దారిన తాను సాగింది. 2023 ఏప్రిల్‌లో అందరికంటే ముందు ఒడ్డుకు చేరింది ఆమే. రెండోవాడు అభిలాష్.