గాజుతొట్టిలోని చేప



భాగవతము అష్టమస్కంధమున సత్యవ్రతుని కథ మీరందఱును వినియున్నదే. దోసిట చిక్కిన చిఱుచేపను ఆ రాజర్షి కమండలువునం దుంచెను. అది పెరుగగా పెద్దపాత్రయందును, పిదప మడుగునందును, తుదకు సముద్రమునందును విడిచెను. చేపను పాత్రలో పెంచు ముచ్చట మనకు క్రొత్త కాదు. పాత్ర చాలనప్పుడు ఎచ్చట విడువవలయునను చిక్కును క్రొత్తది కాదు. ఇప్పటి పిల్లలు సినిమాలో చేపను చూచి అట్టిదే కావలెనని మారాము చేయుచున్నారనియు, అందువలన సముద్రములే ఖాళీ యగుచున్నవనియు ఒక ప్రచారము కలదు. ఇందు నిజమెంతయో ఈ పూట విచారింతము.

సినిమా పుట్టకమున్నే ఒక పుస్తకము ఈ పని చేసినది. ఇంగ్లండులో గాజుమీది పన్నును 1845లో తీసివేసిరి. గాజు చౌక యయ్యెను. 1853లో లండను జంతుశాలయందు ప్రజలు చూచుటకై చేపల యిల్లు తెఱచిరి. ఆ పనికి తోడుపడిన ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు మఱుసటి యేడు ‘ది అక్వేరియమ్’ అను గ్రంథమును రంగుబొమ్మలతో ప్రకటించెను. అంతవఱకు పరిశోధకులకే తెలిసిన ఉప్పునీటితొట్టి గృహస్థుల యిండ్లలో వెలసెను. జనులు తీరమునకు పోయి, ఱాళ్ల నడిమి మడుగులలోని జీవులను ఏఱి తెచ్చుకొనిరి. గాస్ కుమారుడు ఎడ్మండు 1907లో ప్రకటించిన ‘ఫాదర్ అండ్ సన్’ అను గ్రంథమున ఆ మడుగులు పాడైన తీరును, అందుకు తండ్రి పడిన పరితాపమును చెప్పియున్నాడు. ప్రేమించి వర్ణించినవాని వర్ణనమే వానికి శత్రువైనది. ఈ కథ చదివినపుడెల్ల నాకు గాస్ మీద జాలి కలుగును.

ఇక సినిమా మాట. 2003లో అమెరికాలో పిక్సార్ సంస్థవారు ‘ఫైండింగ్ నీమో’ అను బొమ్మల చలనచిత్రమును విడుదల చేసిరి. నారింజవన్నెమీద తెల్లని పట్టెలు గల క్లౌన్ ఫిష్ అను చిన్న సముద్రపుచేప అందు కథానాయకుడు. క్లౌన్ అనగా మన నాటకములలోని విదూషకుని వంటివాడు. కథలో ఒక దంతవైద్యుడు పిల్లచేపను పట్టి, సిడ్నీ నగరమున తన గాజుతొట్టిలో నుంచగా, తండ్రిచేప వెదకుకొనుచు బయలుదేఱును. చెఱ తగదని చెప్పిన కథ యిది. అయినను చూచినవారు ఆ చేపకై అంగళ్లకు పరుగెత్తిరనియు, పగడపు దిబ్బలు కొల్లపోయెననియు పత్రికలు వ్రాసినవి. వినుటకు గాస్ కథయే మరల జరిగినట్లున్నది. చరిత్ర చెప్పువాడు జాగ్రత్తపడవలసిన తావిదియే. ముచ్చటగా అమరిన కథను త్వరగా నమ్మరాదు.

ఆస్ట్రేలియా విద్వాంసులు మిలిట్జ్, ఫోల్ అనువారు 2017లో ఈ ప్రచారమును పరీక్షించి, పత్రికల మాటలే తప్ప గట్టి లెక్కలు మిక్కిలి తక్కువయని తేల్చిరి. పైగా ఈ చేపకు తొట్టెలలోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచు విద్య మానవులకు పట్టుబడినది. మన దేశమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారును దానిని సాధించిరి. కావున గిరాకి పెరిగినను భారమంతయు సముద్రముమీద పడదు. 2016లో వచ్చిన ‘ఫైండింగ్ డోరీ’ అసలైన పరీక్ష. అందలి నాయిక నీలవర్ణపు చేప. దానిని తొట్టెలలో పుట్టించి పెంచుట ఫ్లోరిడాలో ఆ యేటనే మొదట సాధ్యమయ్యెను గనుక, అంగడికి వచ్చునది దాదాపు సముద్రమునుండియే. ఆక్స్‌ఫర్డు విద్వాంసుడు వెరిసిమో మొదలగువారు అమెరికా దిగుమతి లెక్కలు పరిశీలించి 2019లో ఫలితమును ప్రకటించిరి: దిగుమతి పెరిగిన జాడ లేదు, ఆ చేపను గుఱించి ఇంటర్నెట్టులో వెదకినవారు మాత్రము పెరిగిరి. కోరిక పుట్టినను, ఉప్పునీటితొట్టి ఖర్చు విని పలువురు ఊరకుండిరని నా ఊహ.

మఱి గాజుతొట్టివలన చెఱుపే లేదా? కలదు, అది సముద్రమున కాదు, మన నీళ్లలో. మట్టపల్లి నరసింహస్వామి పాదములచెంత పాఱు కృష్ణయే యెగువను దిగువను ఎన్నియో యూళ్ల జాలరులకు జీవనాధారము. తెలుగునాట నదులలో, చెరువులలో జాలరులు దెయ్యంచేప యని పిలుచునది యొకటి వలల బడుచున్నది. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. ఏ సినిమాయు దానిని పొగడలేదు. గాజుకు పట్టిన పాచిని తిని తొట్టిని శుభ్రపఱచునని అంగడులలో అమ్మిరి. అది పెరిగి తొట్టి చాలకపోగా, చంపుటకు చేతులాడక, కొందఱు తెచ్చి కాలువలలో విడిచిరి. పుణ్యమనియే తలచియుందురు. విడుచుటకంటె అమ్మినవానికే తిరిగి యిచ్చుట మేలు.

దాని యొడలు కవచమువలె గట్టిపెచ్చులతో నుండును, ఱెక్కలకు ముండ్లుండును. వలలను చింపును, కొనువారుండరు. 2016 నుండి తెలంగాణ ప్రభుత్వము బొచ్చె, రవ్వ మొదలగు చేపపిల్లలను చెరువులలో ఉచితముగా వదలుచు వచ్చినది. ఆ పిల్లలు పెరుగవలసిన నీటిలోనే ఇదియు మేయును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు చేపను పట్టకయే, నీటిని పరీక్షించి దాని జాడ కనిపెట్టు పద్ధతిని కల్పించిరి. తూర్పుకనుమల ప్రాంతమున పెక్కు జలాశయములలో అది యున్నట్లు తెలిసినది. వల చిరిగిన జాలరికి ఆ నష్టమును పూడ్చువారు మాత్రము ఇంకను ఎవరును లేరు.